పది ఆకుల పేపరు, ఏడు ఆకుల తోక

ఒక పెద్ద అడవిలో ఒక వైద్య పత్రిక ఉండేది. సింహం కూడా ఉండేది గానీ, ఈ కథలో ఆయన పని సంతకం పెట్టడం వరకే. ముందే చెబుతున్నాను, ఇది కథ. వాక్యవాక్యానికీ ఆధారం ఏదని నన్ను అడక్కండి. అలా అడిగేవాళ్ళ చేతిలో ఏం జరిగిందో చెప్పడానికే కూర్చున్నాను.

ఆ పత్రికని మోదుగాకుల మీద ముల్లుతో రాసి, విస్తరాకు కుట్టినట్టు పుల్లలతో కుట్టేవారు. యాభై ఏళ్ళ సంపుటాలు ఆఫీసు గుహలో వెనక గోడ పొడుగునా కప్పు దాకా పేర్చి ఉండేవి. వచ్చిన ప్రతి అతిథికీ వాటిని చూపించేవారు, దూరం నుంచి.

పత్రికలో పడిన మందే మందు అని ఆ అడవిలో చట్టం. మందుమొక్కలన్నీ ఒకే తోటలో పెట్టి, చుట్టూ ముళ్ళకంచె వేశారు. గేటు దగ్గర అడవిదున్న వీరభద్రం కాపలా. ఎవరొచ్చినా "పేపరు పడిందా?" అని ఒక్కటే మాట అడుగుతాడు. పడితే మందు ఇస్తాడు, పడకపోతే పొమ్మంటాడు. చట్టం చెడ్డదేం కాదు. అంతకుముందు ఒక కొండముచ్చు ఏ జబ్బుకైనా తేనె నాకమని చెప్పి సగం అడవికి అజీర్తి తెప్పించింది. ఆ గోలంతా అయ్యాక వచ్చిన చట్టం ఇది.

పత్రిక చీఫ్ ఎడిటరు నెమలి. పేపరు చివర రిఫరెన్సుల జాబితా ఉంటుంది చూశారూ, దానికి 'తోక' అని పేరు పెట్టింది ఆయనే. మనం చెప్పిన మాట మనకంటే ముందు ఎవరు చెప్పారు, ఏ సంపుటిలో, ఏ పుటలో చెప్పారు అన్నది అందులో వరసగా రాయాలి. ఆయన తన తోకని ఓసారి వెనక్కి తిరిగి చూసుకుని, "ఒళ్ళు అందరికీ ఉంటుందండీ, తోకలోనే తెలుస్తుంది ఎవరి స్థాయి ఏమిటో" అనేవాడు. నలభై ఏళ్ళు వైద్యం చేసిన మొండితోక ఎలుగుబంటి పేపరు ఒక్కటంటే ఒక్కటి కూడా పడలేదు.

ఇక ముంగిస వరహాలమ్మ సంగతి. ఆవిడ డాక్టరు. పొద్దున్నే వేళ్ళ సంచీ భుజాన వేసుకుని వాగు వెంట నడుస్తూ, కనబడిన గాయానికల్లా కట్టు కట్టుకుంటూ పోయేది. పేపర్లు రాసే అలవాటు లేదు.

ఆ ఏడు ఎండలు మొదలవుతూనే జింకపిల్లలకి గిట్టకుళ్ళు పట్టుకుంది. నలభై ఒక్క పిల్లలు కుంటుతున్నాయి. వాగు ఎండబోతోంది. వాగు మధ్యలో నల్లబండ ఒకటి ఉంది. అది పూర్తిగా బయటపడిందంటే జింకల మంద, నీళ్ళున్న ఎగువ లోయకి బయల్దేరాలి. రెండు రోజుల నడక. నడవలేని పిల్ల వెనకబడిపోతుంది, వెనకబడిన పిల్లని రేచుకుక్కలు వదలవు.

వరహాలమ్మ తన సంచీలో ఉన్న ఎర్రకాడ తీగ వేరు నూరి ఏడు పిల్లలకి కట్టింది. అయిదో రోజుకి ఏడూ గంతులేశాయి. సంచీ ఖాళీ అయింది. ఆ తీగ ఇక తోటలో తప్ప ఎక్కడా లేదు.

"మిగతా ముప్ఫై నాలుగు పిల్లలకీ కావాలి, వీరభద్రం," అంది.

"పేపరు పడిందా, డాక్టరమ్మా?"

"పిల్లలు నడిచాయయ్యా. కావాలంటే వచ్చి చూడు."

"నేను గేటు వదిలి రాకూడదండీ. మీరు పేపరు వేయించుకుని రండి, మోపులు మోపులు ఇస్తాను."

జింక చుక్కమ్మ పక్కనే నిలబడి వింటోంది. దాని కొడుకు పండు మూడు కాళ్ళ మీద నిలబడి ఉన్నాడు. "ఎన్నాళ్ళు పడుతుందమ్మా?" అని అడిగింది చుక్కమ్మ.

"ఎంతోసేపు పట్టదులే. జరిగింది జరిగినట్టు రాయడమేగా," అంది వరహాలమ్మ. పాపం, నిజంగానే అలా అనుకుంది.

ఆ రాత్రే కూర్చుని మూడున్నర ఆకులు రాసింది. జబ్బేమిటి, వేరు పేరేమిటి, ఎంత నూరాలి, ఎన్ని రోజులు కట్టాలి, ఎన్ని పిల్లలు నడిచాయి. తెల్లారి పట్టుకెళ్ళి పత్రికాఫీసులో ఇచ్చింది. పేపర్లు సరిచూసే ఉద్యోగం ముళ్ళపంది సూరయ్యది. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. తప్పు కనబడిన చోటల్లా ఒక ముల్లు గుచ్చి తిప్పి పంపుతాడు. ఆయన పేపరు అందుకుని, తిరగేసి, చివరి ఆకు నుంచి మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాడు.

"నాలుగేనా?"

"ఈ జబ్బు మీద ఇంతకుముందు రాసినవాళ్ళు నలుగురేనండీ."

"ముప్ఫైకి తక్కువ తీసుకోం."

"లేనివాళ్ళని ఎక్కణ్ణించి తీసుకురానండీ?"

"అది రచయిత బాధ్యత. తొమ్మిదో రూలు చూడండి." సూరయ్య ఒక ముల్లు గుచ్చాడు. "ఇక్కడ 'ఏడు పిల్లలు అయిదు రోజుల్లో నడిచాయి' అని రాశారు. పక్కన నంబరేదీ?"

"ఆ మాట నాదేనండీ. కట్టు కట్టింది నేను, చూసింది నేను."

"మీరు చూడటం మీ సొంత విషయం. సంపుటి ఎంత, పుట ఎంత?"

"వాగు ఒడ్డున, రేగుపొద పక్కన."

సూరయ్య రాసుకోబోయి ఆగాడు. "రేగుపొదని ఏ పద్ధతిలో రాయాలో రూలు లేదమ్మా," అన్నాడు. ఎకసెక్కం కాదు, నిజంగానే ఆలోచించి చెప్పాడు.

పోనీ పాత సంపుటాలు తిరగేసి ఎవరేం రాశారో చూసుకుంటానంది వరహాలమ్మ. సూరయ్య ఆవిడని ఎగాదిగా చూశాడు. "తెరిచా? ఇంతవరకు ఎవరూ అడగలేదే! ఒకటి లాగితే దొంతరంతా కూలుతుంది. పేర్లు కావాలంటే పాత పేపర్ల తోకల్లో ఉంటాయి, చూసి రాసుకోండి. అందరూ చేసేదదే."

అలాగే రాసుకుంది. నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో ఒక పిల్ల పోయింది.

రెండోసారి ముప్ఫై రిఫరెన్సులతో వెళ్ళింది. పేపరు నిండా ముళ్ళు గుచ్చుకుని తిరిగి వచ్చింది.

"ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత రావాలి. ఆరుగురు దాటితే ఏడో వాడి నుంచి 'తదితరులు' అనాలి. పత్రిక పేరు పూర్తిగా రాయకూడదు, 'అర. వైద్య. పత్రి.' అనాలి. నంబరు చుక్కకి ముందు పెట్టారు, తర్వాత పెట్టాలి. పుటలు నూట ఇరవై నాలుగు నుంచి నూట ఇరవై తొమ్మిది అని రాశారు, 124–9 అని రాయాలి."

"అలా రాస్తే చదివేవాళ్ళు నూట ఇరవై నాలుగు నుంచి వెనక్కి తొమ్మిదికి రావాలేమో అనుకోరూ?"

"చదివేవాళ్ళా?" అన్నాడు సూరయ్య.

వరహాలమ్మ పేపరు తీసుకుంది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. వాగు వైపు నుంచి కబురొచ్చింది: నల్లబండ సగం బయటపడింది, ఇంకో రెండు పిల్లలు పోయాయి. ఆవిడ ఆ ముళ్ళు ఒక్కొక్కటే పీకుతూ ఏడ్చింది. నాకూ ఇక్కడ ఒళ్ళు మండుతుంది. ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడే మండుతుంది.

ఆఫీసు ఎదురుగా తుమ్మచెట్టు మీద గిజిగాడు అప్పన్న కొట్టు ఉంది. రిజిస్ట్రారాఫీసు బయట దస్తావేజులు రాసేవాళ్ళు కూర్చోరూ, అలాంటి కొట్టు. గూళ్ళు అల్లడంలో ఎంత నేర్పరో తోకలు అల్లడంలోనూ అంతే. అక్కడ పడ్డ పేపర్లలో పదింట తొమ్మిదింటికి తోక అతనిదే.

"డాక్టరమ్మా, ఏడవకండి. ఇటివ్వండి," అన్నాడు కొమ్మ మీంచి.

"దేని గురించి రాశానో చెప్పనా?"

"ఎందుకండీ? చివరి ఆకులు చాలు." ముక్కుతో పేపరు లాక్కుని తిరగేశాడు. "ముప్ఫైతో ఏం పడుతుంది? ఎనభై ఉండాలి. ఎడిటరు గారివి ఎనిమిది ఖాయంగా వేసుకోవాలి. 'నాట్యభంగిమలు, జీర్ణశక్తి', 'ఈకల కాంతికీ ఆయుర్దాయానికీ సంబంధం', అలాంటివి. సింహం గారి ప్రారంభోపన్యాసం ఒకటి."

"గిట్టకుళ్ళుకీ ఉపన్యాసానికీ ఏమిటయ్యా సంబంధం?"

"అందులో ఆయన 'అడవి అభివృద్ధి పథంలో నడవాలి' అన్నారు. మీ పిల్లలు నడిచాయన్నారు కదా. సరిపోయింది."

"నేనివేవీ చదవలేదు, అప్పన్నా."

"నేను మాత్రం చదివానా?" అన్నాడు అప్పన్న. "ఈ ఇరవయ్యో నంబరు చూశారా, తాబేలు గారిది, సంపుటి పన్నెండు, పుటలు 40–6. ప్రతి తోకలోనూ ఉంటుంది. మొదట ఎవరు వేశారో తెలీదు గానీ చాలా అచ్చొచ్చిన నంబరండీ."

పేర్లు అరువు తెచ్చుకుని తన మాటకి తగిలించుకోవడం ఆవిడకి సిగ్గుగా ఉంది. కానీ చెట్టు కింద చుక్కమ్మ నిలబడి ఉంది. పండు నిలబడలేక పడుకుని ఉన్నాడు.

"ఎప్పటికిస్తావు?"

"రేపు మధ్యాహ్నానికల్లా."

అన్న టైముకే ఇచ్చాడు. ఏడు ఆకుల తోక! ఇంటిపేర్లన్నీ ముందు, తదితరులందరూ వెనక, కామా ఒక్కటి అటూ ఇటూ కాలేదు. వరహాలమ్మ దాన్ని చూసి, తోకలో ఇంత అందముంటుందా అనుకుంది. ఇక ఒక్క క్షణం ఆగకుండా ఆఫీసుకి పరుగెత్తింది.

సూరయ్య చివరి ఆకు నుంచి చూసుకుంటూ వచ్చాడు. ఏడు ఆకులు తిరిగాయి, ముల్లు లేవలేదు. ఎనిమిదోది తిప్పకుండానే ముద్ర కొట్టాడు. నెమలి గారు తన ఎనిమిది పేపర్లూ తోకలో ఉన్నాయో లేదో లెక్క చూసుకుని, "లోతైన పరిశోధన," అన్నాడు. సింహం సంతకం పెట్టింది. పేపరు పడింది.

మర్నాడు పొద్దున వరహాలమ్మ పత్రిక పట్టుకుని తోట గేటు దగ్గరికి వచ్చింది. వెనక తల్లులందరూ వచ్చారు. వీరభద్రం సంతోషంగా పత్రిక తీసుకుని, నేల మీద పరిచి, మొదటి ఆకు నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఆ అడవిలో పేపర్లు మొదటి నుంచి చదివేది అతనొక్కడే. చదివితేనే గానీ ఏ మొక్క కొయ్యాలో తెలీదు మరి.

మూడు ఆకులూ చదివాడు. మళ్ళీ చదివాడు.

"మందు పేరు లేదండీ," అన్నాడు.

"లేకపోవడమేమిటి? రెండో ఆకులో చూడు. ఎర్రకాడ తీగ వేరు అని రాశాను."

"రెండో ఆకులో జబ్బు భయంకరమైనదని ఉంది. దానికి నంబర్లు పదకొండు నుంచి ఇరవై ఆరు. మూడో ఆకులో దీని మీద ఇంకా పరిశోధన జరగాలని ఉంది. మందు మాత్రం లేదండీ."

వరహాలమ్మ పత్రిక లాక్కుని చూసింది. నిజంగానే లేదు. తుమ్మచెట్టు దగ్గరికి ఒక్క ఉరుకున వెళ్ళింది.

అప్పన్న తడుముకోలేదు. "పేపరు మొత్తం పది ఆకులు దాటకూడదు కదండీ. తోకతో కలిపే పది. తోకకి ఏడు పోయాయి, మీకు మూడు మిగిలాయి. ఏదో ఒకటి తియ్యాలిగా. నంబరు లేని వాక్యాలు నాలుగుంటే చూసి మరీ తీశాను. ఆ మాట మీకంటే ముందు ఎవరూ అనలేదు, అలాంటివి ఉంటే సూరయ్య గారు తిప్పి కొడతారు."

"ముందు ఎవరూ అనలేదు కనకనే కదయ్యా నేను రాసింది!"

"మరి ఇచ్చినప్పుడు చూసుకోవాల్సిందండీ," అన్నాడు అప్పన్న, నొచ్చుకుంటూ.

నిన్న మధ్యాహ్నం ఆవిడ చూసింది కూడా తోకే.

సవరణ వేయించుకోవచ్చని సూరయ్య చెప్పాడు. వచ్చే సంచికలో. సవరణ ఒక్క వాక్యమే అయినా దానికీ ముప్ఫైకి తగ్గకుండా రిఫరెన్సులుండాలి.

వరహాలమ్మ తిరిగి గేటు దగ్గరికి వచ్చేసరికి నల్లబండ చుట్టూ గిట్ట మునిగేంత నీళ్ళే ఉన్నాయి. చుక్కమ్మ ఆ బండ వైపే చూస్తోంది.

"వీరభద్రం, నీ డ్యూటీ ఏమిటి?" అంది వరహాలమ్మ.

"గేటు దగ్గర కాపలా అండీ. పేపరు లేనివాళ్ళని గేటులోంచి పోనివ్వకూడదు."

"కంచె సంగతో?"

వీరభద్రం చాలాసేపు ఆలోచించాడు. నమ్మకంగా పనిచేసేవాడు, ఆర్డరు మాట దాటడు. చివరికి, "ఆర్డర్లో గేటు అనే ఉందండీ. కంచె గురించి రాయలేదు," అని, మెడ కొంచెం అటు తిప్పుకుని నిలబడ్డాడు.

వరహాలమ్మ సంచీ పక్కన పెట్టి కంచె కింద తవ్వడం మొదలుపెట్టింది. పట్టపగలు, అందరూ చూస్తుండగానే. ముంగిసకి తవ్వడం ఎవరో నేర్పాలా? గడియలో అటు తేలింది. ఎర్రకాడ తీగ వేళ్ళు నోట కరుచుకుని, మళ్ళీ వెళ్ళి, మళ్ళీ కరుచుకుని, పొద్దు వాలే లోపల ముప్ఫై ఒక్క పిల్లలకి కట్లు కట్టింది.

అయిదో రోజుకి పండు నాలుగు కాళ్ళ మీద నిలబడ్డాడు. చుక్కమ్మ వాణ్ణి నాకీ నాకీ వదిలిపెట్టలేదు.

ఆరో రోజు నల్లబండ పూర్తిగా బయటపడింది. ఆ రోజే వరహాలమ్మకి విచారణకి రమ్మని నోటీసు వచ్చింది. నేరం దొంగతనం కాదు. తన పేపర్లో లేని మందుతో తానే వైద్యం చేసిందని, దానివల్ల పత్రిక పరువు పోయిందని.

"డాక్టరమ్మని వదిలి మేం కదలం," అంది చుక్కమ్మ. జింకల మంద మొత్తం, ముప్ఫై ఎనిమిది పిల్లలతో సహా, ఆఫీసు గుహకి వచ్చింది. పెద్దవాళ్ళని ముందు నిలబెట్టి, పిల్లల్ని వెనక గోడ దగ్గర కూర్చోబెట్టారు.

నెమలి గారు వెనక గోడకి వీపు పెట్టి, తోక విప్పి ఆసీనుడయ్యాడు. దాంతో ముందున్నవాళ్ళకి వెనక గోడ కనబడటం మానేసింది.

"మీ వైద్యం పనిచేసిందనడానికి ఆధారం?" అన్నాడు.

వరహాలమ్మ పండుని పిలిచింది. పండు వచ్చాడు. సభ మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు, నడక చాలక ఒక గంతు కూడా వేసి, మళ్ళీ వెళ్ళి వెనక కూర్చున్నాడు.

సూరయ్య ముల్లు సవరించుకున్నాడు. "ఈ పిల్లది ఏ సంపుటి? ఏ పుట?"

"ఇది పిల్లండీ!" అని అరిచింది చుక్కమ్మ. "నేను కన్న పిల్ల! మీ కళ్ళ ముందే నడిచాడు, కనబడలేదా మీకు?"

"తల్లి వాంగ్మూలం," అని రాసుకున్నాడు సూరయ్య. "దీనికి చుక్క ముందా, నంబరు ముందా అండీ?"

నెమలి గారికి సందేహం వచ్చింది. అప్పన్నని పిలిపించారు. అతనికీ సందేహమే. ఈ చర్చ పొద్దున మొదలై మధ్యాహ్నం దాటింది. బయట ఎండ మండిపోతోంది. మేతకి చిగురన్నది లేదు. వెనక గోడ దగ్గర ముప్ఫై ఎనిమిది పిల్లలు, పొద్దుటి నుంచి మేత లేక, కప్పు దాకా పేర్చిన ఎండు మోదుగాకుల వైపు చూస్తున్నాయి.

పండు ముందు ఒకటి లాగి చూశాడు. దొంతర కూలలేదు.

సాయంత్రానికి చుక్క ముందని తేలింది. తీర్పు కూడా వచ్చింది: మందు పనిచేసినట్టు రుజువు కాలేదు, కనక వరహాలమ్మ ఒక ఏడాది పాటు ఎవరికీ జబ్బు నయం చెయ్యకూడదు. సింహం సంతకం పెట్టింది. అప్పటికి పిల్లలు మొదటి సంపుటి నుంచి యాభయ్యో సంపుటి దాకా, తోకలతో సహా, పూర్తి చేశాయి. ఆ బలంతోనే రెండు రోజులు ఆగకుండా నడిచి ఎగువ లోయ చేరాయి. ఒక్క పిల్ల కూడా వెనకబడలేదు. పత్రిక వల్ల అడవికి జరిగిన మొదటి మేలు అది. వరహాలమ్మ కూడా వాటి వెంటే పోయింది. అక్కడ పత్రిక లేదు.

పత్రిక ఇప్పటికీ నడుస్తోంది. పాత సంపుటాలు లేవన్న సంగతి ఆఫీసులో ఎవరికీ తెలీదు. తెలియాలంటే ఎవరో ఒకరు అటు వెళ్ళి తెరిచి చూడాలి కదా. అతిథులకి ఆ గోడని దూరం నుంచి చూపిస్తూనే ఉన్నారు. సంపుటి పన్నెండు, పుటలు 40–6, ప్రతి తోకలోనూ వస్తూనే ఉంది. ఈ మధ్య దాని పక్కనే వరహాలమ్మ పేపరు కూడా వస్తోంది, గిట్టకుళ్ళుకి మందు లేదని నిరూపించిన పేపరుగా.

మరుసటి ఏడు ఎండలు రాగానే మళ్ళీ గిట్టకుళ్ళు వచ్చింది. తల్లులెవరూ పత్రికాఫీసుకి వెళ్ళలేదు. సరాసరి తోట దగ్గరికి వచ్చి, వీరభద్రానికి నమస్కారం పెట్టి, గేటులోకి పోకుండా, కంచె వెంట అవతలి పక్కకి నడిచారు. అక్కడ కంచె కింద కన్నం అలాగే ఉంది. పోయిన ఏటి కంటే కాస్త పెద్దదైనట్టు కూడా ఉంది. పక్కన మన్నులో అడవిదున్న కొమ్ము గుర్తులున్నాయి.

"పూడ్చమని ఆర్డరు రాలేదండీ," అన్నాడు వీరభద్రం, మెడ అటు తిప్పుకునే.

నీతి: ఏ పనైనా పద్ధతి ప్రకారం గేటులోంచే వెళ్ళి చెయ్యాలి; ప్రాణం మీదికొచ్చిన పని మాత్రం కంచె కింద నుంచి చెయ్యాలి.